నల్లతల బంటింగా, ఎర్రతల బంటింగా? ముందు తల చూడ్డం మానీండి

మా బావ గుజరాత్ వేరావళ్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు. మా శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల, రణస్థలం మండలాల్లో సముద్రం ఒడ్డు ఊళ్ళ సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, ఆగస్టు వచ్చిందంటే మగోళ్ళు చాలామంది గుజరాత్ రైలెక్కీస్తారు, మళ్ళీ ఎండలు ముదిరేక గానీ ఇంటి మొహం చూడరు. రెండేళ్ళ కిందట జనవరిలో బావ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపేడు, ముళ్ళకంచె తీగ మీద కూర్చున్న పిట్ట, పొట్ట పసుప్పచ్చ, మిగతాదంతా మట్టిరంగు, కింద "ఇదేటి పిట్ట బావా, ఇక్కడ గోధుమ చేలల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి" అని. నేను పెద్ద పోటుగాడిలాగ "నల్లతల బంటింగ్, ఆడది" అని రెండు నిమిషాల్లో కొట్టీసేను. బంటింగంటే పిచ్చికలాగ ఉండి గింజలు తినే పిట్టల్లో ఒక రకం. గుజరాత్‌లో ఎక్కువ కనిపించేది అదే కదా, ఇంకేటి ఆలోచన అనుకున్నా. వారం పోయేక ఖాళీగా ఉన్నపుడు అదే ఫొటో పెద్దది చేసి చూస్తే నడుం మీద ఆకుపచ్చ ఛాయ ఉంది, వీపు మీద ఎక్కడా ఇటుకరంగు లేదు, ముక్కు పొట్టి, అంటే అది ఎర్రతల బంటింగ్ అయ్యే ఛాన్సే ఎక్కువ. బావకి ఏదైనా ఒకటేలే, ఆయన చేపల గొడవలో ఆయనున్నాడు, కానీ నాకు మాత్రం పంటి కింద రాయిలాగ ఉండిపోయింది. ఆ తర్వాతేడు ఫిబ్రవరిలో పది రోజులు సెలవు పెట్టి, అరువు బైనాక్యులర్ ఒకటి పట్టుకుని నేనే వేరావళ్ ఎల్లిపోయేను. ఈ కింద రాసిందంతా ఆ పది రోజుల్లో బుర్రకెక్కింది, ఆ తర్వాత చదివి సరిచేసుకున్నది.

పేర్ల సంగతి ముందు తేల్చీద్దాం, ఎందుకంటే గందరగోళం అంతా అక్కడే మొదలవుద్ది. నల్లతల బంటింగ్‌కి శాస్త్రీయ నామం ఎంబెరిజా మెలనోసెఫలా, 1769లో స్కోపొలి అనే ఆయన పెట్టేడు, గ్రీకులో నల్లతల అనే అర్థం. ఎర్రతలది ఎంబెరిజా బ్రూనిసెప్స్, 1841లో బ్రాంట్ పెట్టిన పేరు, లాటిన్‌లో గోధుమరంగు తల అని. అంటే పేరు పెట్టినాయన ఎరుపు అన్లేదు, ఇంగ్లీషోళ్ళు తర్వాత రెడ్ అన్నారు. మనకి ఇదేం వింత కాదులెండి, మన ఎర్రావు ఎంత ఎరుపో ఈ పిట్ట తలా అంతే ఎరుపు. ఇంకా కరెక్టుగా కావాలంటే పలాసలో జీడిపిక్క కొట్టి ఆరబెట్టేక పప్పు మీద ఒక పల్చని పొట్టు ఉంటాది కదా, ఆడోళ్ళు కూర్చుని చిన్న కత్తితో గీకి తీస్తారు, ఆ పొట్టు రంగు. మిరపకాయ ఎరుపు కోసం వెతికితే జన్మలో దొరకదు. ఉత్తరాదిన ఈ రెంటినీ కలిపి గందమ్ అనీస్తారు, పారసీలో గందమ్ అంటే గోధుమ, వాటి మకాం గోధుమ చేలల్లో కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

రెండూ పిచ్చిక కంటే కాస్త పెద్దవి, పొడవు 16 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య. నల్లతలది ఎండాకాలంలో గూడు పెట్టేది ఇటలీ, బాల్కన్ దేశాలు, టర్కీ, ఇరాన్ వరకు. ఎర్రతలది దానికి తూర్పున, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. చలికాలం వచ్చేసరికి రెండూ మన దేశానికే వస్తాయి. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఏటంటే యూరప్‌లో చిన్నపిట్టలు వలసెళ్తే ఎక్కువ శాతం కిందకి ఆఫ్రికాకి పోతాయి, ఈ నల్లతలది మాత్రం వాటితో పోకుండా తూర్పుకి తిరిగి టర్కీ, ఇరాన్ దాటుకుని గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటకల్లో దిగుతాది. సెప్టెంబర్‌లో రావడం, మార్చి ఏప్రిల్‌కి సర్దుకుని పోవడం. మా బావ వేటకెళ్ళే కేలండరూ ఇంచుమించు ఇదే, ఆయన్ని కూడా అక్కడ చూడాలంటే అదే సీజన్.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మాత్రం వీటి అసలు మకాం కాదు, వీటికి పడమర, మధ్య భారతం మెట్ట చేలు కావాలి. మా ఊరి చుట్టూ మొక్కజొన్న, గంటి (సజ్జ), చోడి (రాగి) చేలు అన్నీ తిరిగేను, నాకైతే ఇప్పటిదాకా ఒక్కటీ కనబళ్ళేదు. అలాగని దారి తప్పి రాకూడదని రూలేం లేదు, వలస పిట్టలు కదా. అందుకే ఇక్కడ పసుపు పిట్ట కనబడగానే ఎగిరి గంతెయ్యకుండా ముందు ఈ వడపోత చెయ్యండి.

ముందు అది బంటింగేనా

మన దగ్గర పొలం గట్టు మీద పసుపు, మట్టిరంగు కలిసిన పిట్ట కనబడిందంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు అది గిజిగాడే. నేను పిట్టలు చూడ్డం మొదలెట్టిన కొత్తలో జూలై నెలలో మొక్కజొన్న చేను కాడ తల మీద పసుపు, మొహం నల్లగా ఉన్న పిట్టని చూసి బంటింగ్ బంటింగ్ అని ఫోన్లు చేసీసేను, పక్కన తాటిచెట్టుకి సగం అల్లిన గూళ్ళు డజను వేలాడుతున్నాయి, అది చూడొద్దా! పొలం కాపలా ఉన్న ముసలాయన "గిజిగాడికి అంత హడావుడేటి బాబూ" అన్నాడు. అప్పట్నుంచి నా మొదటి ప్రశ్న ఇప్పుడు ఏ నెల అని. వానాకాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, ఈ రెండు బంటింగులూ మామూలుగా మన దేశంలోనే ఉండవు, గూళ్ళ మీద ఉంటాయి, వేల కిలోమీటర్ల అవతల. గిజిగాడు మగది పసుపుతో మెరిసేది సరిగ్గా అప్పుడే. పిట్టని చూడకుండానే సగం కేసులు కేలండర్ కొట్టీస్తాది.

చలికాలంలో చిక్కు ఎక్కువ, ఎందుకంటే గిజిగాడు కూడా పసుపు పోగొట్టుకుని ఆడ పిచ్చికలాగ అయిపోతాది. అప్పుడు తోక చూడండి. గిజిగాడి తోక పొట్టిగా, కొస సమానంగా కోసినట్టు ఉంటాది, పిట్ట మొత్తం బొద్దుగా ఉండ చుట్టినట్టు ఉంటాది. బంటింగ్ తోక పొడుగు, కొసలో చిన్న చీలిక. రెండోది ముక్కు. గిజిగాడిది పెద్ద శంఖంలాగ లావుగా ఉంటాది, బంటింగ్‌ది కూడా శంఖమే గానీ చిన్నది, పైగా కింది దవడ కంటే పై దవడ సన్నంగా, రెండూ కలిసే గీత తిన్నగా పోకుండా వెనక్కి వచ్చేసరికి కిందకి విరిగినట్టు ఉంటాది. మొహానికి ఎప్పుడూ అలిగినట్టు ఒక లుక్కు వస్తాది. మూడోది, ఇది అన్నిటికన్నా పనికొచ్చేది, తోక కింద ఈకలు. మన రెండు బంటింగుల్లోనూ ఆడైనా మగైనా తోక కింద పసుపు ఉంటాది, పొట్ట ఎంత వెలిసిపోయినా అక్కడ మాత్రం కాస్త మిగులుద్ది. పిచ్చికకీ ఉండదు, చలికాలం గిజిగాడికీ ఉండదు. పసుపు జిట్టంగి ఉంటాది కదా, తోక ఊపుకుంటూ నేల మీద నడిచేది, దానికి పసుపు ఉంటాది గానీ ముక్కు సూదిలాగ సన్నం, గింజ నమిలే ముక్కు కాదు, అక్కడితో అది అవుట్.

ఇంకో మాట, ఈ రెంటికీ తోక అంచు ఈకల్లో తెలుపు ఉండదు. బంటింగుల్లో చాలా రకాలకి ఎగిరేటప్పుడు తోక రెండు పక్కలా తెల్ల గీతలు తళుక్కుమంటాయి, గుజరాత్‌లో వీటితో పాటు తిరిగే బూడిదమెడ బంటింగ్‌కి కూడా అంతే. తెలుపు తళుక్కుమంటే ఈ వ్యాసం మీకు పనికిరాదు, వేరే పిట్ట.

మగవి, అది కూడా మార్చిలో అయితే పండగే

మార్చి నాటికి మగవాటిని చూస్తే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పీగలరు. అయినా ఒక విషయం గమనించండి, ఎందుకంటే తర్వాత ఆడవాటి దగ్గర అదే మనకి దిక్కు. నల్లతల మగదానికి నలుపు నెత్తి, కళ్ళు, చెంపల దాకా వచ్చి ఆగిపోద్ది, గొంతు మాత్రం నిఖార్సైన పసుపు, అంటే బైక్ హెల్మెట్ పెట్టుకుని కింద పట్టీ పెట్టుకోనోడిలాగ. ఎర్రతల మగది అలా కాదు, ఆ జీడిపొట్టు రంగు నెత్తి మీంచి మొహం మీదగా గొంతుకి దిగి రొమ్ము దాకా కారిపోయి ఉంటాది, చంటోడు బెల్లం పాకం గిన్నెలో మొహం పెట్టి తినీసి చొక్కా మీద దాకా పూసుకున్నట్టు. కొన్నిటికి నెత్తి మీద ఆ రంగు వెలిసి బంగారు ఛాయ కొడతాది, కంగారు పడకండి, అదీ ఎర్రతలదే.

ఇప్పుడు వెనక్కి తిప్పి చూడండి. నల్లతలదాని వీపంతా ఇటుకరంగు, చారలు లేకుండా శుభ్రంగా. ఎర్రతలదాని వీపు పసుపు ఆకుపచ్చ కలిసిన రంగు, మీద ముదురు చారలు, నడుం దగ్గరికొచ్చేసరికి పసుపు.

అర్థమైంది కదా, ఇటుకరంగు రెంటిలోనూ ఉంది, పెట్టుకున్న చోటు వేరు. ఒకదానికి వీపు మీద, ఒకదానికి గొంతు మీద. నల్లతలదానికి ముందు పసుపు వెనక ఎరుపు, ఎర్రతలదానికి ముందు ఎరుపు వెనక పచ్చ. నేను వేరావళ్‌లో మూడో రోజు ఈ ఒక్క ముక్క పట్టుకున్నాక మిగతా పని సగమైపోయింది. పేర్లలో తల తల అని పెట్టి మనల్ని తల చుట్టూ తిప్పుతారు గానీ నిజం దొరికేది వీపు దగ్గరే.

డిసెంబర్ జనవరిల్లో అయితే మగవి కూడా ఇంత శుభ్రంగా ఉండవు. కొత్తగా వచ్చిన ఈకలకి చివర్లలో లేత మట్టిరంగు అంచు ఉంటాది, లోపల నలుపు ఉన్నా పైన ఆ అంచులు కప్పీస్తాయి, పిట్ట చూస్తే కంకర లారీ వెనకాల బైక్ మీద వచ్చినోడి జుట్టులాగ దుమ్ము కొట్టుకుపోయి ఉంటాది. చలికాలమంతా ఆ అంచులు మెల్లగా అరిగిపోయి లోపలి అసలు రంగు బయటపడతాది. నేను ఎల్లిన ఫిబ్రవరిలో ఒకే గుంపులో సగం అరిగినవి, పావు అరిగినవి అన్నీ కలిపి ఉన్నాయి. అలాంటి మగదాన్ని చూస్తే చెంపలు చూడండి, అంచుల కింద నుంచి నలుపు తొంగి చూస్తాదా, జీడిపొట్టు రంగు తొంగి చూస్తాదా అని. గొంతు పసుప్పచ్చగా ఉండి చెంప ముదురుగా ఉంటే నల్లతల వైపు, గొంతూ రొమ్మూ మీద గోధుమ మచ్చలు మచ్చలుగా ఉంటే ఎర్రతల వైపు.

ఆడవి దగ్గరికొచ్చేసరికి

ఇక్కడే అందరూ బోల్తా పడేది, నేను పడ్డదీ ఇక్కడే. రెండూ చూడ్డానికి పైన మట్టిరంగు, కింద లేత పసుపు, అంతే. ఒకటి చెప్తా, ఏ ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు ఇవ్వకండి, కనీసం మూడు ఒకే వైపు లాగితే అప్పుడు అనండి.

మొదట నడుం. తోక మొదలుకి పైన, రెక్కలు మూసుకుంటే వాటి మధ్య దాక్కునే భాగం, దాన్నే నేను నడుం అంటున్నా. మామూలుగా కూర్చున్నపుడు కనబడదు, అందుకే పిట్ట ఒళ్ళు దులుపుకునేటపుడో, గాలికి రెక్క పక్కకి జరిగినపుడో, తీగ మీంచి నేల మీదకి వాలేటపుడో కాచుకు కూర్చోవాలి. నల్లతల ఆడదానికి అక్కడ, వీపు మీద కూడా, లేతగా ఇటుక ఛాయ కొడతాది. మగదాని వీపు రంగుకి నీళ్ళు కలిపి పల్చన చేసి పూసినట్టు ఊహించుకోండి. ఎర్రతల ఆడదానికి అక్కడ పసుపో ఆకుపచ్చో ఛాయ ఉంటాది, ఎరుపు ఉండదు. మగవాటి దగ్గర చెప్పిన రూలే, కాకపోతే సౌండ్ బాగా తగ్గించి పెట్టినట్టు.

రెండోది మొహం. నల్లతల ఆడవాటిలో వయసొచ్చిన వాటికి నెత్తి, చెంపలు కాస్త ముదురుగా ఉండి, గొంతు తేలిపోయి, మగదాని హెల్మెట్ ఆనవాలు మసకగా కనబడతాది. ఎర్రతల ఆడదానికి మొహం మొత్తం చప్పగా ఉంటాది, చెంపకీ గొంతుకీ పెద్ద తేడా ఉండదు, అదృష్టం బాగుంటే పెద్దవాటికి నుదుటి మీదో రొమ్ము మీదో ఒక్క రవ్వ గోధుమ ఛాయ ఉంటాది. అది కనబడిందంటే గట్టి సాక్ష్యం దొరికినట్టే.

మూడోది ముక్కు. నల్లతలది కాస్త పొడుగు, ఎర్రతలది కాస్త పొట్టి, శంఖంలాగ. ఈ 'కాస్త' అనే మాటే మనల్ని ముంచుతాది. పక్కపక్కన రెండూ కూర్చుంటే తెలుస్తాది, ఒక్కటే ఉంటే మన మనసుకి ఎలా కావాలంటే అలా కనబడతాది. నేనైతే ముక్కుని మూడో సాక్షిగానే పెట్టుకుంటా, మొదటి సాక్షిగా ఎప్పుడూ కాదు.

నాలుగోది రెక్క కొస, ఇది ఫొటో బాగుంటేనే. పిట్ట రెక్క మూసుకుని పక్కకి కూర్చున్నపుడు వీపుని ఆనుకుని మూడు వెడల్పాటి ఈకలు ఒకదాని మీద ఒకటి కప్పి ఉంటాయి, ముదురు మధ్యభాగం, లేత అంచు. వాటి కింద నుంచి అసలు ఎగిరే ఈకల కొసలు తోక వైపు బయటికి పొడుచుకొస్తాయి. ఆ బయటికొచ్చిన ముక్క నల్లతలదానికి పొడుగు, ఎర్రతలదానికి కురచ. ఒక రాత్రి బావ రూంలో కూర్చుని నేను తీసిన ఫొటోలు లాప్‌టాప్‌లో పెట్టుకుని స్కేలు పెట్టి కొలుస్తుంటే, పక్కనున్న మనూరి కుర్రోళ్ళు "ఏటి బావా, పిట్టకి చొక్కా కుట్టిస్తావేటి" అని నవ్వీరు. నవ్వితే నవ్వీరు గానీ ఆ కొలత వల్లే మొండిగా మిగిలిన రెండు ఫొటోలు తేలేయి.

కూత సంగతి అడుగుతారు. రెండూ చిన్నగా టిక్, చిప్ అని ముక్కలు ముక్కలుగా అరుస్తాయి, నా చెవికి తేడా దొరకలేదు, చలికాలంలో కూత పట్టుకుని వీటిని విడదియ్యాలనుకోవద్దు.

ఆ ఏడాదే పుట్టిన కుర్రపిట్టలైతే దండం పెట్టీండి. వాటికి వీపు రంగూ సరిగ్గా ఉండదు, మొహమూ చెప్పదు, చేతిలో పట్టుకుని చూసేవాళ్ళకే కష్టం. చూసిన పిట్టల లిస్టు రాసుకునే ఈబర్డ్‌లో రెండు పేర్ల మధ్య గీత పెట్టి నల్లతల/ఎర్రతల అని కలిపి రాసుకునే ఆప్షన్ ఉంది, నా పది రోజుల లిస్టులో ఎక్కువ సంఖ్య దాని కిందే పడింది, నాకేం సిగ్గు లేదు. పిట్టల్ని గుర్తుపట్టే యాప్‌లో ఫొటో పెడితే అది చెప్పీసే పేరు మాత్రం గుడ్డిగా నమ్మకండి, మగవాటికి బాగానే చెప్తాది, ఆడవాటి దగ్గర అది కూడా మనలాగే ఊహిస్తాది, పైగా మనలాగ సందేహం మొహంలో చూపించదు.

రెండూ కలిసిపోయినవి

ఇరాన్ ఉత్తరాన, కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా ఈ రెంటి ఇలాకాలు ఒకదాన్నొకటి తగులుతాయి. అక్కడ ఇవి జత కట్టి సంకరం పిల్లల్ని పెడతాయి. యుర్గెన్ హాఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1977లో దీని గురించి వివరంగా రాసేడు. ఒకప్పుడు ఎడంగా ఉండి, తర్వాత విస్తరించి మళ్ళీ ఎదురుపడ్డ రెండు రకాల పిట్టలు అన్నమాట. అంత కలిసిపోతున్నాయి కాబట్టి కొందరు ఇవి ఒకే జాతి అని కూడా అనేవారు, ఇప్పుడు వేరువేరుగానే లెక్క. మనకి దీనివల్ల ఏటంటే, ఒక మగపిట్ట తల మీద నలుపూ గోధుమా కలిసి ఉన్నా, హెల్మెట్ నల్లగా ఉండి గొంతు కింద జీడిపొట్టు రంగు కారినా, ముందూ వెనకా ఎరుపు ఉన్నా, మీ కళ్ళు బానే ఉన్నాయి, పిట్టే అలాంటిది. ఫొటోలు ఎన్ని వీలైతే అన్ని తియ్యండి, ముఖ్యంగా వీపువి. నాకు అలాంటిది ఒక్కటీ దొరకలేదు, దొరికితే గ్రూపుల్లో మీ బుర్ర తినీసేవాణ్ణి.

ఎక్కడ నిలబడాలి, ఎలా తియ్యాలి

ఈ గుంపులు పగలంతా చేలల్లో ఉంటాయి, గోధుమ, జొన్న, గంటి ఏదైనా పర్లేదు, కోత అయిపోయిన చేను ఇంకా మంచిది, రాలిన గింజలు నేల మీద ఏరుకుంటాయి. నేల మీద ఉన్నపుడు ఎంత కళ్ళు చించుకున్నా కనబడవు, మట్టిలో మట్టి. మనిషి అలికిడికి వంద పిట్టలు ఒక్కసారి లేచి పక్కనున్న సర్కారు తుమ్మ మీద వాలతాయి, వాలిన మొదటి నిమిషం మన ఛాన్సు, అన్నీ పైకొమ్మల్లో బయటికి కూర్చుంటాయి. అందుకని చేలోకి దిగకుండా ఆ తుమ్మకి ముప్పై నలభై అడుగుల్లో ముందే ఎల్లి కూర్చోండి. రైతు చేను తొక్కితే రైతు తిడతాడు, అది గుజరాతీలో తిట్టినా తిట్టే. రాత్రికి కూడా ముళ్ళపొదల్లోనే గుంపుగా పడుకుంటాయి, పొద్దుగూకే ముందు ఒక గంట అక్కడ లైన్లు కట్టి దిగుతుంటే చూడ్డానికే బాగుంటాది.

కానీ రంగు చూసి గుర్తుపట్టడానికి ఆ సాయంత్రం టైము పనికిరాదు. పొద్దు వాలేక ఎండ ఎర్రబడిపోయి ప్రతి పిట్ట వీపూ ఇటుకరంగే అయిపోతాది, నా మొదటి రోజు లిస్టులో నల్లతలవి 40 రాసుకున్నా, మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి అదే తుమ్మ కాడ చూసేసరికి నా లెక్కంతా గాలికి పోయింది. పొద్దున్న ఎనిమిది నుంచి పది మధ్య, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా. ఫోన్ కెమెరా పసుపుని సొంతంగా పెంచీస్తాది, దాన్ని కూడా మనసులో పెట్టుకోండి. 8×42 బైనాక్యులర్ అయితే చాలు, ఫోన్ దాని కంటి అద్దానికి ఆనించి తీసినా ముక్కూ నడుమూ తెలిసేంత వస్తాది. ఒకరికి పంపేటపుడు వాట్సాప్‌లో ఫొటోలాగ కాకుండా డాక్యుమెంట్‌లాగ పంపండి, లేకపోతే అది నొక్కీసి నొక్కీసి ఆకుపచ్చ ఛాయని మింగీస్తాది, బావ మొదటి ఫొటోతో నేను దెబ్బతినడానికి సగం కారణం అదే. ఒక పిట్టకి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి కావాలి. ఒక్కటే తియ్యగలిగితే వెనకది తియ్యండి.

మార్చి చివరికి వీటి ఒళ్ళు చూస్తే ఆశ్చర్యంగా ఉంటాది, కొవ్వు పట్టి గుండ్రంగా తయారవుతాయి, దూరప్రయాణానికి పెట్రోలు కొట్టించుకున్నట్టు. పగటి పొద్దు పెరిగేకొద్దీ ఒంట్లో ఈ మార్పు మొదలవుద్ది. ఇది ఎలా జరుగుద్దో తెలుసుకోడానికి బనారస్, లక్నో యూనివర్సిటీల్లో ఈ రెండు పిట్టల మీదే ఏళ్ళ తరబడి పరిశోధనలు చేసేరు, గదిలో లైటు ఎన్ని గంటలు వెలిగిస్తే వీటికి ఎంత కొవ్వు పడతాది, ఎప్పుడు జతకి సిద్ధమవుతాయి అని.

రంగు ఉంది కాబట్టి పంజరం బాధ కూడా వీటికి తప్పలేదు. ఎర్రతలదాన్ని ఒకప్పుడు యూరప్‌కి పెంపుడు పిట్టగా ఎంత తోలీసేరంటే, బ్రిటన్‌లో ఎక్కడైనా ఒకటి కనబడితే అది వలసొచ్చింది అని ఎవరూ నమ్మరు, పంజరంలోంచి తప్పించుకున్నదే అనుకుంటారు. మన దగ్గర అడవి పిట్టల్ని వల వేసి పట్టినా అమ్మినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. వీటి దగ్గరి చుట్టం పసుపురొమ్ము బంటింగ్ సంగతి ఇంకా ఘోరం, చైనాలో తినడానికి వలల్తో పట్టి పట్టి, ఒకప్పుడు కోట్లల్లో ఉన్న పిట్టని 2017 నాటికి అంతరించిపోయే అంచున ఉన్న లిస్టులోకి దించీసేరు. మన రెండు రకాలకి ప్రస్తుతానికి ఆ పరిస్థితి లేదు, గుంపులు గుంపులుగానే ఉన్నాయి.

రైతుకి ఇవి నష్టమా అంటే, గింజ పాలు పట్టేటపుడు వంద పిట్టలు చేను మీద పడితే ఎవడికైనా మండుద్ది. అక్కడ కూడా మన లాగే దిష్టిబొమ్మలు, రేకు డబ్బాలు, మెరిసే రిబ్బన్లు. ఒకాయన పాత క్యాసెట్ టేపు చేను పొడుగూ కట్టీసేడు, గాలికి బుర్రుమంటాది, పిట్టలు మాత్రం దాని మీద కూర్చుని ఒళ్ళు దులుపుకుంటున్నాయి. నాకు మంచి నడుం ఫొటోలు మూడు వచ్చింది ఆ టేపు మీదే.

ఈ సంవత్సరం బావకి నేనేం చెప్పలేదు, ఆయనే మొన్న సాయంత్రం ఫొటో పంపేడు, డాక్యుమెంట్‌గానే. తీగ మీద ఆడపిట్ట, సరిగ్గా నాకేసి చూస్తున్నట్టు ఎదురుగా కూర్చుంది, లేత పసుపు పొట్ట, చప్పటి మొహం. కింద "ఇప్పుడు చెప్పు" అని. నేను "వెనక్కి తిరగమను బావా" అని పెట్టేను. ఇంకా రిప్లై రాలేదు, బోటు సముద్రంలో ఉన్నట్టుంది.